జలుబు మందుల అమ్మకాలు: పరిమితి, నమోదు, స్టాకు లెక్క – కౌంటరు దగ్గర పాటించాల్సిన పద్ధతి

"రిజిస్టరు రాస్తున్నాం, సంతకాలు తీసుకుంటున్నాం. అయినా తనిఖీకి వచ్చినవారు అడిగిన మొదటి ప్రశ్నకే తడబడ్డాం." మందుల దుకాణాలు నడిపేవారి నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. కొన్ని జలుబు మందులను అక్రమంగా మత్తుమందు తయారీకి వాడుకుంటారు కాబట్టి, అనేక దేశాల్లో వాటిని పరిమితికి లోబడి, కొన్నవారి వివరాలు రిజిస్టరులో రాసి అమ్మాలి. ఆ మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఈ మనిషికి గత 30 రోజుల్లో మొత్తం ఎంత అమ్మారు?

జవాబు రిజిస్టరులోనే ఉంటుంది. కాకపోతే వెతికి కూడడానికి అరగంట పడుతుంది. కౌంటరు ముందు మనిషి నిలబడి ఉండగా అరగంట పట్టే జవాబుతో పని జరగదు, ఎందుకంటే ఆ లెక్క అమ్మడానికి ముందే చేతిలో ఉండాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ఇది దుకాణం యజమానికి, ఫార్మసిస్టుకు, కౌంటరులో నిలబడే సిబ్బందికి. మీ ప్రాంతంలో చట్టం ఏది చెబితే అదే మొదటి మాట. ఇక్కడ కొన్ని దేశాల అంకెలు వాడింది లెక్క ఎలా వేయాలో చూపడానికే.

## 1. ముందుగా మందులను వేరు చేయండి

బ్రాండు పేరు చూసి జాబితా రాయకండి. ఒకే బ్రాండు పేరుతో వేర్వేరు మందులు వస్తాయి. ఉదాహరణకు అమెరికాలో సుడాఫెడ్‌లో ఉండేది సూడోఎఫెడ్రిన్; సుడాఫెడ్ పీఈలో ఉండేది ఫినైలెఫ్రిన్. మొదటిదానికి రిజిస్టరు కావాలి, రెండోదానికి అక్కర్లేదు. పెట్టె మీద ‘పీఈ’ అన్న రెండక్షరాలే తేడా.

కాబట్టి షెల్ఫులో ఉన్న ప్రతి జలుబు, దగ్గు, అలర్జీ మందు పెట్టెనూ తిప్పి, అందులోని మందు పేరు చదివి, కింది వర్గాల్లో ఒకదానిలో వేయండి.

మొదటి వర్గం: సూడోఎఫెడ్రిన్, ఎఫెడ్రిన్. ముక్కు దిబ్బడకు బాగా పనిచేసే మందులు. మెథాంఫెటమిన్ అనే మత్తుమందును అక్రమంగా తయారుచేసేవారికి ఇవే ముడిసరుకు. మాదకద్రవ్యాల అక్రమ రవాణా మీద 1988లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఈ రెండూ మొదటి పట్టికలో ఉన్నాయి. పరిమితి, గుర్తింపు కార్డు, నమోదు అన్నీ ప్రధానంగా వీటి కోసమే.

రెండో వర్గం: డెక్స్‌ట్రోమెథార్ఫాన్. పొడి దగ్గు సిరప్‌లలో, మాత్రల్లో ఉంటుంది. దీన్ని మత్తు కోసం మోతాదు మించి వాడేవారిలో కుర్రవాళ్లు ఎక్కువ. ఇక్కడ పరిమాణం కన్నా వయసు ముఖ్యం.

మూడో వర్గం: కోడీన్ ఉన్న సిరప్‌లు. ఇవి చాలా చోట్ల డాక్టరు చీటీ లేకుండా అమ్మే మందులు కావు. బ్రిటన్ కూడా 2024లో కోడీన్ దగ్గు మందును చీటీ ఉంటేనే ఇచ్చే జాబితాలోకి మార్చింది. భారతదేశంలో కోడీన్ షెడ్యూల్ హెచ్1 అనే కఠిన నియంత్రణ జాబితాలో ఉంది. ఆ షెడ్యూలు మందులకు డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఈ వర్గాన్ని మిగతా జలుబు మందుల పక్కన పెట్టనే వద్దు.

నాలుగో వర్గం: నిద్ర తెప్పించే అలర్జీ మందులు. డైఫెన్‌హైడ్రమిన్ వంటివి. చాలా చోట్ల నమోదు అక్కర్లేదు. ఒకే మనిషి వారం వారం కొంటుంటే మాత్రం గమనించండి.

కలగాపులగంగా నాలుగైదు మందులు కలిసిన మాత్రలు వస్తాయి: పారాసెటమాల్, దగ్గు మందు, ముక్కు దిబ్బడ మందు అన్నీ ఒక్కదానిలోనే. వీటిని అన్నిటికన్నా కఠినమైన నియమం ఉన్న మందు వర్గంలో వేయండి.

ఈ దశలో తయారు కావాల్సిన జాబితాలో ప్రతి సరుకుకూ ఉండాల్సినవి:

- పెట్టె మీది పూర్తి పేరు, బార్‌కోడ్ సంఖ్య
- మందు పేరు, దాని లవణం పేరు, అంటే మందు ఏ రసాయనంతో కలిసి ఉందో (హైడ్రోక్లోరైడా, సల్ఫేటా)
- ఒక మాత్రలో లేదా 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములు
- పెట్టెలో ఎన్ని మాత్రలు, సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు
- పెట్టె మొత్తానికి ఎన్ని గ్రాములు (దీని లెక్క తర్వాతి భాగంలో)

కొత్త సరుకు వచ్చినప్పుడు ఈ జాబితాలోకి ఎక్కకుండా షెల్ఫు ఎక్కకూడదు. తయారీదారు మందు మార్చి పెట్టె రంగు అలాగే ఉంచడం జరుగుతూనే ఉంటుంది.

## 2. పెట్టెలను కాదు, గ్రాములను లెక్కపెట్టండి

ఎక్కువ దుకాణాలు తప్పు చేసేది ఇక్కడే. ‘ఒకరికి రెండు పెట్టెలు’ అని గోడకు కాగితం అంటిస్తారు. పెట్టెలన్నీ ఒక కొలత కావు కదా.

అమెరికాలో మెథాంఫెటమిన్‌ను అరికట్టడానికి 2006లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం ఒకరికి రోజులో 3.6 గ్రాములకు మించి సూడోఎఫెడ్రిన్ అమ్మకూడదు. ఒకరు దుకాణాల్లో 30 రోజుల్లో 9 గ్రాములకు మించి కొనకూడదు. తపాలా ద్వారా అయితే ఆ పరిమితి 7.5 గ్రాములు. కొన్ని రాష్ట్రాలు ఇంతకన్నా బిగించాయి.

ఈ గ్రాములు శుద్ధమైన మందువి, లవణంతో కలిపిన బరువువి కావు. పెట్టె మీద అచ్చు వేసేదేమో లవణం బరువు. సూడోఎఫెడ్రిన్ హైడ్రోక్లోరైడ్‌లో అసలు మందు దాదాపు 81.9 శాతం. అంటే 30 మిల్లీగ్రాముల మాత్రలో ఉన్నది సుమారు 24.6 మిల్లీగ్రాములే.

లెక్క ఇలా వేయాలి:

మాత్ర మీది మిల్లీగ్రాములు × మాత్రల సంఖ్య × 0.819 ÷ 1000 = పెట్టెలోని గ్రాములు

మూడు ఉదాహరణలు చూడండి.

- 30 మిల్లీగ్రాముల మాత్రలు 24 ఉన్న పెట్టె: 0.59 గ్రాములు. ఒక రోజుకు 6 పెట్టెలు (3.54 గ్రాములు) పరిమితి లోపల, ఏడోది దాటిస్తుంది.
- 12 గంటలు పనిచేసే 120 మిల్లీగ్రాముల మాత్రలు 20 ఉన్న పెట్టె: 1.97 గ్రాములు. రెండు పెట్టెలు ఒకేసారి ఇస్తే 3.93 గ్రాములు. చట్టం దాటినట్టే. గోడ మీద అంటించిన ‘రెండు పెట్టెలు’ నియమం ఇక్కడే బోల్తా పడుతుంది.
- 5 మిల్లీలీటర్లకు 15 మిల్లీగ్రాములున్న 118 మిల్లీలీటర్ల సిరప్: మొత్తం 354 మిల్లీగ్రాముల లవణం, అసలు మందు 0.29 గ్రాములు.

సల్ఫేటు లవణానికి గుణకం వేరు, హైడ్రోక్లోరైడ్ గుణకం (0.819) దానికి వాడకండి. మీ చట్టం లవణం బరువునే లెక్కిస్తే గుణకమే అక్కర్లేదు. బ్రిటన్‌లో చీటీ లేకుండా ఒక్కసారికి అమ్మగలిగే గరిష్ఠం 720 మిల్లీగ్రాముల సూడోఎఫెడ్రిన్ లవణం, అంటే 60 మిల్లీగ్రాముల మాత్రలు 12. ఎఫెడ్రిన్ అయితే 180 మిల్లీగ్రాములు. రెండూ కలిపి ఒకే బిల్లులో అమ్మకూడదు.

ప్రతి పెట్టెకూ ఈ లెక్క ఒక్కసారి వేసి, షెల్ఫు అంచున చిన్న చీటీ మీద గ్రాములు రాసి అంటించండి. కౌంటరులో ఎవరూ గుణకారం చేయరు. చేస్తారని ఆశ పెట్టుకోవద్దు.

### నెల కాదు, వెనక్కి 30 రోజులు

ఒకరు 12వ తేదీన 3.54 గ్రాములు, 25వ తేదీన 3.54 గ్రాములు కొన్నారు. మళ్లీ వచ్చే నెల 3వ తేదీన అంతే అడిగారు. ‘కొత్త నెల’ అనుకుని ఇచ్చేస్తే తప్పు. 3వ తేదీ నుంచి వెనక్కి 30 రోజులు చూడండి: 7.08 గ్రాములు ఇప్పటికే వెళ్లాయి. మిగిలింది 1.92 గ్రాములు, అంటే 24 మాత్రల పెట్టెలు మూడు.

కాగితం రిజిస్టరు వాడేవారు ప్రతి పేజీనీ నెలవారీగా కాక కొనుగోలుదారుల వారీగా పెట్టుకుంటే ఈ కూడిక నిమిషంలో తేలుతుంది.

### చట్టం మౌనంగా ఉన్నచోట

మీ దగ్గర పరిమితే లేకపోతే సొంత పరిమితి పెట్టుకోండి, కానీ దానికి ఆధారం ఉండాలి. సూడోఎఫెడ్రిన్ పెట్టె మీది సూచనల ప్రకారం పెద్దవారికి రోజుకు గరిష్ఠం 240 మిల్లీగ్రాములు, అంటే 30 మిల్లీగ్రాముల మాత్రలు 8. ఏడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరును కలవమని కూడా అక్కడే ఉంటుంది. ఏడు రోజులకు 56 మాత్రలు. 24 మాత్రల పెట్టెలు మూడు కొంటే ఆ వారం గడిచిపోయి ఇంకా కొన్ని మిగులుతాయి.

ఈ లెక్క ప్రకారం చూస్తే అమెరికా చట్టం 30 రోజులకు అనుమతించే 15 పెట్టెలు (24 మాత్రలవి) ఒక మనిషికి పూర్తి మోతాదులో 45 రోజులు వస్తాయి. చట్టపు పరిమితి పైకప్పు లాంటిది. దాన్ని తాకేదాకా అమ్మాలని ఎక్కడా లేదు. అయితే సొంత పరిమితి పెట్టుకుంటే రాసి పెట్టుకోండి, అందరికీ ఒకేలా అమలు చేయండి. తెలిసినవారికి ఒకటి, తెలియనివారికి ఒకటి అయితే అది పరిమితి కాదు, వివక్ష.

## 3. షెల్ఫు, అల్మారా, తాళం

మొదటి వర్గం మందులు కొనేవారి చేతికి అందకూడదు. కౌంటరు వెనక గానీ, తాళం వేసిన అద్దాల అల్మారాలో గానీ ఉంచండి. అవి ఉన్నాయని తెలియడానికి బయట షెల్ఫులో ఖాళీ పెట్టెగానీ పేరు రాసిన కార్డుగానీ పెట్టవచ్చు.

తాళం ఒక్కరి బాధ్యత. షిఫ్టు మారినప్పుడు తాళంతో పాటు పెట్టెల సంఖ్య కూడా చేతులు మారాలి. ‘ఇన్ని ఉన్నాయి’ అని ఒకరు, ‘ఇన్ని అందాయి’ అని మరొకరు రాసి సంతకం చేయాలి.

వెనక గదిలోని నిల్వను మరచిపోవద్దు. ముందు అల్మారాకు రెండు తాళాలు వేసి, వెనక అట్టపెట్టెలు తలుపు పక్కనే నేల మీద పెట్టిన దుకాణాలు నేను చూశాను.

## 4. రిజిస్టరు ఎలా ఉండాలి

కాగితమైనా కంప్యూటర్ అయినా ఈ గళ్లు ఉండాలి:

- తేదీ, సమయం
- కొనుగోలుదారు పేరు, చిరునామా (గుర్తింపు కార్డులో ఉన్నట్టే)
- కార్డు రకం. చట్టం అనుమతిస్తే కార్డు సంఖ్య
- మందు పేరు, పెట్టెల సంఖ్య, గ్రాములు
- వెనక్కి 30 రోజుల మొత్తం, ఈ అమ్మకంతో కలిపి
- కొన్నవారి సంతకం, అమ్మినవారి సంతకం

ఐదో గడి చాలా రిజిస్టర్లలో ఉండదు. చట్టం అడగకపోయినా పెట్టండి. అది నింపాలంటే పాత అమ్మకాలు చూడక తప్పదు. చూడకుండా నింపితే తర్వాత పట్టుబడుతుంది. ఒక్క గడితో ‘ముందు చూడు, తర్వాత అమ్ము’ అన్న క్రమం దానంతట అదే అలవాటవుతుంది.

కాగితం అయితే: కుట్టిన పుస్తకం వాడండి, విడి కాగితాలు వద్దు. పేజీలకు ముందే సంఖ్యలు వేయండి. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేయండి. తెల్ల సిరా వాడిన పేజీని ఏ తనిఖీ అధికారీ నమ్మడు.

కంప్యూటర్ అయితే: దుకాణాలన్నీ కలిసిన వ్యవస్థ అందుబాటులో ఉంటే అందులో చేరండి. అమెరికాలో అనేక రాష్ట్రాలు వాడే ఎన్‌ప్లెక్స్ వ్యవస్థలో కార్డు వివరాలు ఎక్కించగానే మిగతా దుకాణాల్లో కొన్నది కూడా కలిపి చూసి, పరిమితి దాటితే అమ్మకం ఆపమని అక్కడికక్కడే చెబుతుంది. ఆస్ట్రేలియాలో ప్రాజెక్ట్ స్టాప్ ఇలాంటిదే. ఒక దుకాణం రిజిస్టరు ఎంత బాగా రాసినా, పక్క వీధిలో కొన్నది దానికి కనబడదు. కొద్దికొద్దిగా పది చోట్ల కొని పోగేసేవారు ఆ సందునే వాడుకుంటారు.

### ఒకే మనిషి, మూడు పేర్లు

నేను మొదట రాసిన రిజిస్టరులో ఒకే కొనుగోలుదారు మూడు పేర్లతో ఉన్నాడు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, మరోచోట పొడి అక్షరాలతో. కౌంటరులో ఉన్న ముగ్గురం మూడు రకాలుగా రాశాం. కూడితే పరిమితి దాటింది. విడివిడిగా చూస్తే మూడూ సబబే. మోసం అతనిది కాదు, అజాగ్రత్త మాది.

దీనికి విరుగుడు: అడిగి రాయకండి, కార్డు చూసి రాయండి. అక్షరం అక్షరం కార్డులో ఉన్నట్టే. కార్డు సంఖ్య రాయడానికి చట్టం ఒప్పుకుంటే వెతకడానికి దాన్నే వాడండి.

### ముందు కొన్నవారి వివరాలు కనబడకూడదు

సంతకం కోసం పుస్తకం తిప్పి ముందు పెడతాం. అప్పుడు పైన ఉన్న పది మంది పేర్లు, చిరునామాలు ఈ మనిషి చదువుకుంటారు. ఇది తప్పు, చాలా చోట్ల నియమాలకు విరుద్ధం కూడా.

గట్టి అట్టముక్క ఒకటి తీసుకుని, ఒక వరుస వెడల్పున చీలిక కత్తిరించండి. పేజీ మీద పెడితే ఆ ఒక్క వరుసే కనబడుతుంది. ఐదు నిమిషాల పని.

## 5. కౌంటరు దగ్గర క్రమం

ఈ ఎనిమిది అడుగులూ ఇదే వరుసలో జరగాలి. పని ఎక్కువగా ఉన్న వేళ సిబ్బంది మూడో అడుగునూ ఆరో అడుగునూ తారుమారు చేస్తారు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

1. లక్షణాలు అడగండి. "ఎవరికండీ? ముక్కు దిబ్బడా, దగ్గా? ఎన్నాళ్ల నుంచి?"
2. ఆరోగ్యం అడగండి. రక్తపోటు, గుండె జబ్బు, థైరాయిడ్, మూత్రం కష్టంగా రావడం, కుంగుబాటుకు వాడే కొన్ని రకాల మందులు: వీటిలో ఏది ఉన్నా సూడోఎఫెడ్రిన్ ఇచ్చేముందు ఫార్మసిస్టు మాట్లాడాలి. నిజంగా జలుబు ఉన్నవారు ఈ ప్రశ్నలకు తడుముకోరు.
3. కార్డు తీసుకోండి. ఫొటో ముఖంతో సరిపోలిందా, గడువు ఉందా చూడండి. ఫోనులో ఫొటో చూపిస్తే చెల్లుతుందా అన్నది ముందే తేల్చి పెట్టుకోండి.
4. వెనక్కి 30 రోజులు చూడండి.
5. మిగిలిన పరిమితి చెప్పండి. ‘ఇన్ని పెట్టెల వరకు ఇవ్వగలం’ అని పెట్టె తీయకముందే.
6. అల్మారా తెరిచి పెట్టె తీయండి. వెంటనే తాళం వేయండి.
7. రాయండి, సంతకం తీసుకోండి.
8. బిల్లు వేసి చేతికివ్వండి. మీరే ఇవ్వండి, కౌంటరు మీద పెట్టి పక్కకు తిరగకండి.

ఐదో అడుగు మీద ఒక మాట. పెట్టె కౌంటరు మీదికి వచ్చాక ‘ఇవ్వలేం’ అంటే చేతిలోది లాక్కున్నట్టుంటుంది. ముందే చెబితే అది సమాచారం మాత్రమే.

తరచూ ఎదురయ్యే ఇంకో సందర్భం: బయట షెల్ఫులోని ఫినైలెఫ్రిన్ మాత్రలు కొని, రెండు రోజుల తర్వాత వచ్చి "అది పనిచేయలేదు, లోపల పెట్టింది ఇవ్వండి" అంటారు. అనుమానించకండి. నోటి ద్వారా వాడే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచేయడం లేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా సంఘం 2023లో తేల్చింది. 2024లో దాన్ని ఆమోదిత జాబితా నుంచి తొలగించాలని ఆ సంస్థ ప్రతిపాదించింది. ఆ కొనుగోలుదారు చెప్పింది నిజమే.

## 6. దగ్గు మందులకు వేరే చూపు

డెక్స్‌ట్రోమెథార్ఫాన్ విషయంలో గ్రాముల రిజిస్టరు మీద శక్తి పెట్టకండి. వయసు చూడండి. అమెరికాలో కాలిఫోర్నియా 2012 నుంచి 18 ఏళ్ల లోపువారికి చీటీ లేకుండా అమ్మడం నిషేధించింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

బిల్లింగ్ యంత్రంలో ఈ సరుకుల బార్‌కోడ్ పడగానే ‘వయసు చూడండి’ అన్న మాట వచ్చేలా పెట్టించండి. మనిషి జ్ఞాపకం మీద వదిలేస్తే రద్దీ వేళ ఎగిరిపోతుంది.

ఈ మందులను చిన్న పెట్టెల్లోంచి తీసి జేబులో వేసుకుపోవడం సులువు. కాబట్టి కౌంటరు నుంచి కనబడే వరుసలో పెట్టండి. షెల్ఫు వెనక ఖాళీ పెట్టెలు దొరుకుతుంటే లెక్కపెట్టి రాసి ఉంచండి. వారంలో మూడు దొరికితే అది యాదృచ్ఛికం కాదు.

## 7. అనుమానం, నిరాకరణ

వేషం, భాష, ఒంటి రంగు చూసి అనుమానించడం తప్పే కాదు, పనికిరాని పని కూడా. పోగేసేవారు మామూలుగానే కనబడతారు. చూడాల్సింది తీరు:

- ఒకే వాహనంలో వచ్చినవారు వేర్వేరుగా లోపలికి వచ్చి ఒకే పెట్టె అడగడం
- లక్షణాల గురించి చెప్పలేకపోవడం, మిల్లీగ్రాములు మాత్రం ఖచ్చితంగా చెప్పడం
- కలగలుపు మందు వద్దని, ఒక్క సూడోఎఫెడ్రిన్ ఉన్నదే కావాలని పట్టుబట్టడం
- కార్డు అడగగానే వేరే మనిషిని పంపడం
- సరిగ్గా పరిమితి దగ్గర ఆగే కొనుగోళ్లు, నెల నెలా

వీటిలో ఒక్కటి కనబడితే ఏమీ తేలదు. రెండుమూడు కలిస్తే ఫార్మసిస్టును పిలవండి.

నిరాకరించేటప్పుడు కారణం నియమం కావాలి, మనిషి కాకూడదు. "మీ మీద అనుమానంగా ఉంది" అనకండి. "గత 30 రోజుల్లో కొన్నదానితో కలిపి పరిమితి నిండిందండీ. ఫలానా తేదీ తర్వాత ఇవ్వగలం. అప్పటిదాకా ఉప్పునీటి ముక్కు చుక్కలు వాడండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి" అంటే చాలు. ఆ తేదీ లెక్కవేసి చెప్పడం మరచిపోవద్దు. తేదీ చెబితే వాదన సగం తగ్గుతుంది.

బెదిరిస్తే? ఇచ్చేయండి. పెట్టె కోసం ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. ఎన్‌ప్లెక్స్‌లో కూడా అమ్మేవారికి ప్రమాదం ఉన్నప్పుడు నిషేధాన్ని దాటి అమ్మి, ఆ సంగతి నమోదు చేసే వీలుంది. ఆ మనిషి వెళ్లాక సమయం, ఆనవాళ్లు రాసి పోలీసులకు చెప్పండి. వెంటపడకండి.

నిరాకరించిన ప్రతిసారీ విడి పుస్తకంలో రెండు వాక్యాలు రాయండి: తేదీ, ఏమి అడిగారు, ఎందుకు ఇవ్వలేదు.

## 8. వారానికోసారి మూడు అంకెలు

రిజిస్టరు ఎంత అందంగా ఉన్నా స్టాకుతో సరిచూడకపోతే అది కథే. ప్రతి వారం ఒక రోజు, దుకాణం తెరవకముందు ఈ లెక్క చేయండి.

పోయినవారం నిల్వ + వచ్చినది − రిజిస్టరులో అమ్మినది − వాపసు, పాడైనది = ఉండాల్సినది

ఉదాహరణ: నిల్వ 40 పెట్టెలు, డిస్ట్రిబ్యూటరు నుంచి వచ్చినవి 24, రిజిస్టరు ప్రకారం అమ్మినవి 31, తడిసి వాపసు పంపినవి 2. ఉండాల్సినవి 31. అల్మారాలో లెక్కపెడితే 29.

రెండు పెట్టెలు ఎక్కడ? ఇప్పుడు మూడో అంకె తీయండి: బిల్లింగ్ యంత్రం ఎన్ని అమ్మినట్టు చెబుతోంది?

- బిల్లులు 33 అయితే: రెండు పెట్టెలు రిజిస్టరు లేకుండా బయటికి వెళ్లాయి. ఏ రోజు, ఏ షిఫ్టు అన్నది బిల్లు సమయం చెబుతుంది. ఇది శిక్షణ లోపం కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.
- బిల్లులు 31 అయితే: పెట్టెలు డబ్బు చెల్లించకుండానే పోయాయి. అల్మారా తాళం బయటివారికే అడ్డు, లోపలివారికి కాదు.
- బిల్లులు 31 కన్నా తక్కువైతే: రిజిస్టరులో రాసి బిల్లు వేయలేదు. డబ్బు పెట్టె కూడా చూడండి.

వచ్చినదాన్ని ఇన్‌వాయిస్ చూసి రాయడం కాదు, పెట్టెలు విప్పి లెక్కపెట్టి రాయాలి. 24 అని రాసిన అట్టపెట్టెలో 22 వచ్చిన సందర్భం ఉంటే పైన వెతికిందంతా వృథా.

తేడా ఎంతైనా ఆ రోజే రాసి పెట్టండి. అంకె సరిపోయేలా పాత అమ్మకం ఒకటి కల్పించి రాయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు; పోయిన రెండు పెట్టెలు పొరపాటు కావచ్చు, కల్పించిన వరుస మాత్రం నేరమే. అసాధారణమైన నష్టం ఏ అధికారికి, ఎన్ని రోజుల్లో తెలపాలో ముందే తెలుసుకుని ఆ చిరునామా రిజిస్టరు అట్ట లోపల అంటించండి.

## 9. సిబ్బందికి నేర్పడం

చదివి వినిపిస్తే ఎవరికీ రాదు. ఒకరిని కొనుగోలుదారుగా నిలబెట్టి ఆడించండి. మూడు సన్నివేశాలు చాలు: పరిమితి నిండినవారు, కార్డు మరచిపోయినవారు, గొంతు పెంచేవారు. కార్డు మరచిపోయిన పెద్దవయసు మనిషి సన్నివేశమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అక్కడ జాలి అడ్డువస్తుంది.

ఎవరికి ఎప్పుడు నేర్పారో తేదీతో రాసి సంతకాలు తీసుకోండి. అమెరికాలో ఈ శిక్షణ పూర్తయిందని దుకాణం మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థకు తానే ధ్రువీకరించి ఇవ్వాలి. కొత్తగా చేరినవారు శిక్షణ కాకముందు అల్మారా తాళం ముట్టుకోకూడదు.

## 10. అతికించుకోవడానికి పట్టీ

తెరిచేటప్పుడు
- అల్మారాలో పెట్టెల సంఖ్య నిన్నటి రాతతో సరిపోయిందా
- రిజిస్టరు, అట్టముక్క, కలం కౌంటరు దగ్గర ఉన్నాయా

ప్రతి షిఫ్టు మార్పులో
- తాళం, సంఖ్య, రెండు సంతకాలు

వారానికోసారి
- మూడు అంకెల లెక్క
- నిరాకరణల పుస్తకం ఒకసారి చదవడం

నెలకోసారి
- కొత్త సరుకులన్నీ వర్గాల జాబితాలో చేరాయా
- పరిమితికి దగ్గరగా నెల నెలా కొంటున్నవారు ఎవరైనా ఉన్నారా
- మీ ప్రాంత నియమం మారిందా. ఇది లాంఛనం కాదు: అమెరికాలో ఆరెగాన్ 2006 నుంచి ఈ మందులకు చీటీ తప్పనిసరి చేసి, 2022 మొదట్లో ఆ నియమం ఎత్తేసి మళ్లీ రిజిస్టరు పద్ధతికి వచ్చింది. న్యూజిలాండ్ 2011లో చీటీ తప్పనిసరి చేసి, 2024లో దాన్ని సడలించింది.

## 11. పాత రిజిస్టర్లు

చట్టం చెప్పినంత కాలం దాచండి. అమెరికాలో ప్రతి నమోదునూ కనీసం రెండేళ్లు ఉంచాలి. ఆ గడువును పుస్తకం కొన్న రోజు నుంచి కాదు, అందులోని ఆఖరి వరుస రాసిన రోజు నుంచి లెక్క వేసుకోండి. అట్ట మీద ఆ ఆఖరి తేదీ, పారేయగల తేదీ పెద్దగా రాసి తాళం వేసిన చోట పెట్టండి.

గడువు తీరాక పాత కాగితాలు కొనేవారికి అమ్మకండి. అందులో వందల మంది పేర్లు, చిరునామాలు, సంతకాలు ఉంటాయి. ముక్కలు చేసే యంత్రంలో వేయించి, ఎవరి సమక్షంలో, ఏ తేదీన, ఏ నంబరు పుస్తకం నాశనం చేశారో కొత్త రిజిస్టరు ఆఖరి పేజీలో ఒక వరుస రాయండి. కంప్యూటర్‌లోని నమోదులకూ ఇదే వర్తిస్తుంది. దుకాణం పాత కంప్యూటర్ అమ్మేసేముందు హార్డ్ డిస్కు తీసి పక్కన పెట్టండి.